కడగకుండా తీసుకురండి

మార్చి 4

ఈ డైరీ నూలు ఏజెంటు కొత్త సంవత్సరానికి ఇచ్చాడు. రెండు నెలలుగా కౌంటర్ కింద పడి ఉంది. నాకు డైరీలు రాసే అలవాటు లేదు. ఈ మధ్య మధ్యాహ్నం పూట దుకాణంలో కూర్చుని నాలో నేనే గొణుక్కుంటున్నానని నా భార్య సుభాషిణి అంటోంది. పిచ్చివాడని పేరు తెచ్చుకోవడం కంటే రాసుకోవడం నయం.

విషయం పిల్లి. యాభై ఎనిమిదేళ్ళవాడు, వరంగల్ కొత్తవాడలో మూడు తరాలుగా జంపఖానాలు అమ్మే ఇంటివాడు, పిల్లి గురించి డైరీ రాస్తున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. అసలు దీన్ని నేను పెంచుకోవడం లేదు. పైన గోదాంలో ఎలుకలు సరుకు అంచులు కొరుకుతున్నాయని ఉంచాను, అంతే. నలుపు, ఎరుపు, తెలుపు గుడ్డముక్కలు అతికించినట్టు ఉంటుందని మా మనవరాలు అక్షర దానికి బొంత అని పేరు పెట్టింది.

నెల రోజులుగా బొంత చెవుల అంచుల మీద పక్కులు కడుతున్నాయి. పసుపుపచ్చగా, గట్టిగా. తర్వాత ముక్కు మీదికి వచ్చాయి. ఇప్పుడు గోళ్ళ మొదట్లో చిక్కటి చీము. మొదట చూపించిన డాక్టరు గజ్జి అని సూది వేశాడు. పదిహేను రోజులకు ఇంకోటి వేశాడు. గజ్జి అయితే తగ్గాలి కదా? మెడికల్ షాపతను అలర్జీ అన్నాడు. పక్క దుకాణం రామలింగం వచ్చి కాసేపు చూసి, “నీ జంపఖానాల రంగు పడ్తలేదు” అని తేల్చేశాడు. పిల్లి వచ్చిన నాలుగేళ్ళూ పడిన రంగు ఈ నెల నుంచి పడకపోవడం ఏమిటో నాకు తెలియలేదు. ముగ్గురి మాటా నిజమే అనిపిస్తోంది, ముగ్గురిదీ కాదనీ అనిపిస్తోంది.

మార్చి 7

వేపనూనె రాశాను. రెండు రోజులుగా పసుపు కూడా పెడుతున్నాను. బొంత నా కేసి ఒకసారి చూసి పోయి నూలు మూటల వెనక పడుకుంది.

మార్చి 10

అక్షర మోచేతి కింద రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చ. దవాఖానలో తామర అన్నారు, ట్యూబు రాశారు. ఇంట్లో పిల్లి ఉందా అని కూడా అడిగారట. ఆ ఒక్క ప్రశ్నతో ఇల్లంతా తిరగబడింది.

“నేను పిల్లిని ఏమంటలేను మామయ్యా,” అంది కోడలు తేజస్వి. “కని పాప చేతికి గిట్ల వచ్చినంక ఎట్ల ఊకోవాలె చెప్పుండ్రి. దాని చెవులకు అదే ఉంటే?”

నేను బడిలో పిల్లల దగ్గర అంటుకుని ఉంటుందన్నాను. ఎక్కడ అంటిందో నాకేమైనా తెలుసా? నోటికి వచ్చింది, అన్నాను.

మా వాడు భానుచందర్ మధ్యలో పడ్డాడు. “ఒక్కటే మాట బాపూ. మంచి డాక్టరుతోని టెస్టు చేపిద్దాం. అంటుకునేది కాదని వస్తే ఉంటది. అంటుకునేది అయితే, ఇగ ఏదీ తేలకపోయినా సరే, ఏటూరునాగారంల మొండయ్య పొలం కాడ ఇడిశిపెడ్దాం.”

మొండయ్య ఏటా మా దగ్గర సరుకు కొనుక్కుపోతాడు. అతని పొలం దాటితే అడవే. గోళ్ళలో చీముతో మెట్లెక్కలేని పిల్లి అక్కడ ఎన్ని రోజులు బతుకుతుంది? ఆ ప్రశ్న నేను అడగలేదు. ఎలుకల కోసం ఉంచిన జీవం కోసం కొడుకుతో వాదించడం ఏం మర్యాద. సరే అన్నాను.

అన్నం సయించలేదు. ఎండలు ముదురుతున్నాయి, అందుకని కావచ్చు.

మార్చి 12

హన్మకొండలో కొత్త డాక్టరమ్మ. పేరు సారలమ్మ. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. సొంతూరు ఏటూరునాగారం పక్కనేనట. కిటికీలు మూసి ఊదారంగు లైటు వేసి చూసింది. “మెరుస్తలేదు. అట్లని ఫంగస్ లేదని కాదు అంకుల్, ఉన్నదని కూడ కాదు,” అంది. నేను తల ఊపాను. ఏం అర్థమైందని ఊపానో నాకే తెలియదు. వెంట్రుకలు తీసి పరీక్షకు పెట్టింది. ఫంగస్ పెరుగుతుందో లేదో తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుందట.

తర్వాత తన అనుమానం చెప్పింది. ఒంట్లో రోగాలతో కొట్లాడే బలం ఒకటి ఉంటుంది. అది దారి తప్పి సొంత చర్మం మీదనే పడుతుంది.

“సొంత చర్మాన్ని గుర్తుపట్టదా?”

“పట్టదు.”

“ఎందుకు?”

“చాలామట్టుకు మాకు కూడ తెల్వదు అంకుల్.”

“అది అంటుకుంటదా?”

“అదే అయితే అస్సలు అంటుకోదు. పాపకు భయం లేదు.”

మొత్తం మాటల్లో నాకు అర్థమైంది అదొక్కటే. శనివారం మళ్ళీ రమ్మంది. మత్తు ఇచ్చి, పక్కుతో సహా చిన్న చర్మం ముక్క తీసి హైదరాబాద్ ల్యాబుకు పంపుతుందట. లేచి వస్తుంటే మళ్ళీ పిలిచింది.

“కడగకుంట తీస్కరాండ్రి అంకుల్. తుడువద్దు, గీకద్దు, నూనె పెట్టద్దు. సంగతి అంత ఆ పక్కులల్లనే ఉంటది.”

సరే అన్నాను.

మార్చి 14

గిరాకీ లేదు. ఎండ బాగా ఉంది.

మా నాన్న దగ్గర నేను మొదట నేర్చుకున్న పని అమ్మడం కాదు, దులపడం. జంపఖానాను గిరాకీ ముందు పరిచేముందు వెనక్కి తీసుకెళ్ళి రెండు దెబ్బలు కొట్టి, నేత వాటం చూసి బ్రష్ లాగి, మంచి వైపు పైకి వచ్చేలా మడిచి తేవాలి. దుమ్ముతో సరుకు చూపించడమంటే వచ్చినవాణ్ణి అవమానించడమే అనేవాడు. నలభై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా దులపకుండా చూపించలేదు.

రేపు ఈ పిల్లిని ఆ చదువుకున్న పిల్ల ముందు, అక్కడ కూర్చున్న పదిమంది ముందు బల్ల మీద పెట్టాలి. గోళ్ళలో చీము, చెవులకు పక్కులు, ఒళ్ళంతా వేపనూనె వాసన. ఏ ఇంటి పిల్లి అంటే కొత్తవాడ సదానందం ఇంటిది అంటారు.

కడగలేదు. కొంచెం తడిపాను. గోరువెచ్చని నీళ్ళు, గుప్పెడు కుంకుడుకాయల రసం. కుంకుడు మందేమీ కాదు కదా, దాని వల్ల ఏమవుతుంది. పక్కులు నానిన కాగితంలాగా నా వేళ్ళకే వచ్చేశాయి. కింద చర్మం గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. తువ్వాలతో ఒత్తి, ఎండలో కూర్చోబెట్టి దువ్వాను. చాలా రోజుల తర్వాత పిల్లిలాగా కనిపించింది. నాకు నిజంగా సంతోషం వేసింది.

సుభాషిణి వెనక గుమ్మంలో నిలబడి ఉంది. చూసిందో లేదో.

మార్చి 15

డాక్టరమ్మ చెవి మడిచి చూసి ఆగిపోయింది.

“మొన్న గింత పక్కు ఉండె. ఏమైంది?”

“వాటంతట అవే రాలినయి.”

“స్నానం గిట్ల పోసిండ్రా?”

పక్కన భానుచందర్ ఉన్నాడు. తుడవద్దు అన్న మాట వాడికి కూడా నేనే చెప్పి ఉన్నాను. బెంచీ మీద ఎవరో కుక్కపిల్లతో కూర్చుని వింటున్నారు. “లేదు,” అన్నాను.

ఆమె ఆ మాట కాగితం మీద రాసుకుంది. దొరికిన చోట ముక్క తీసి, రెండు కుట్లు వేసి పంపింది. వచ్చేదారిలో బుట్టలోంచి బొంత మత్తుగా అరిచింది. భానుచందర్ బండి నడుపుతూ, “ఇగ తేలిపోతది బాపూ,” అన్నాడు.

మార్చి 16

అబద్ధం అని ఎందుకనుకోవాలి. స్నానం అంటే తల మీద చెంబుతో పోయడం. నేను చేత్తోనే తడిపాను.

మార్చి 25

రిపోర్టు వచ్చింది. ఏమీ తేలలేదు.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. “వాపు ఉన్నదని రాసిండ్రు. అంతకుమించి చెప్పలేమన్నరు. ముక్కల పక్కు లేదట. నేను అనుకున్న రోగమైతే పక్కులు గట్ల వాటంతట అవే మొత్తం పోవు. మీరేమో కడగలేదంటున్నరు. అంటే నా అనుమానమే తప్పు కావచ్చు.”

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. “మరి ఇప్పుడేం చేద్దాం?” అని వచ్చింది.

ఇంట్లో పాపకు తామర ఉంది కాబట్టి, వెంట్రుకల పరీక్ష వచ్చేదాకా ఆగకుండా ఫంగస్ మందు మొదలుపెడదామంది. రోజుకొకసారి.

బయటికి రాగానే భానుచందర్ అందుకున్నాడు. “ముక్క తియ్యరాలే ఆమెకు. పక్కు ఉన్నకాడ కోయాలె గని. గింత కూడ తెల్వకుంట దవాఖాన పెట్టిందా?”

నేనేమీ అనలేదు. ఏమీ అనకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు.

మార్చి 27

భానుచందర్ ఫోన్‌లో ఆ క్లినిక్‌కు ఒక్క స్టార్ పెట్టాడు. కింద నాలుగు లైన్లు రాసి నాకు చదివి వినిపించాడు. రామలింగం బజారులో ఇంకో పదిమందికి చెప్పాడు. “అనుభవం లేని పిల్ల,” అంటున్నారు.

మొదటిరోజు ఎండలో పడి వెళ్తే ఆ పిల్ల లేచి మంచినీళ్ళు ఇచ్చింది నాకు.

మార్చి 30

ఉగాది. బొంత పొద్దున మందు వేయగానే కక్కింది. మధ్యాహ్నం పాలు పెడితే వాసన చూసి తల తిప్పుకుంది. చెవుల మీద పక్కులు మళ్ళీ మొదటికంటే ఎక్కువగా వచ్చాయి. మందు వేస్తుంటే పెరగడమేమిటి? మందు పడకనా, రోగం వేరేనా, నేను తడపడం వల్లనా? ఎటు ఆలోచించినా చివరికి ఆ కుంకుడుకాయల దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. ఇవాళ పండగ, ఇంక రాయను.

ఏప్రిల్ 1

మూడో రోజు. ఏమీ తినలేదు. కోడికూర ముక్కలు కడిగి పెట్టాను, నాకి వదిలేసింది. ఎత్తితే దూదిలాగా ఉంది.

భానుచందర్ మొండయ్యకు ఫోన్ చేశాడు. ఆదివారం ట్రాలీ మీద వరంగల్ వస్తాడట. తీసుకుపోతాడట.

“నువ్వు కూడ రోజు రోజు చూసి బాధ పడుడు ఎందుకు బాపూ,” అన్నాడు మా వాడు. మంచిగానే అన్నాడు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

ఏప్రిల్ 2

టిఫిన్ దగ్గర సుభాషిణి నా ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోదు.

“ఆనాడు నువ్వు పిల్లికి నీళ్ళు పోసుడు నేను చూసిన.”

నేను ఇడ్లీ ముక్క తుంచి మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాను.

“నువ్వే చెప్తవని ఇన్నొద్దులు ఊకున్న. ఆదివారం దాన్ని తీస్కపోతరు. అప్పుడన్న చెప్తవా?”

“ఏమని చెప్పాలె? నా కొడుకు ముందట లేదన్న. ఇప్పుడు అవునంటే నా ఇజ్జత్ ఏముంటది?”

“పిల్లికి మాటలు రావు,” అంది లేస్తూ. “నీకు వస్తయి గద.”

పళ్ళెం ఆమే తీసేసింది. నేను తినలేదని కూడా అడగలేదు.

ఏప్రిల్ 3

దుకాణం మూసేసి, బుట్ట పట్టుకుని ఒక్కణ్ణే ఆటోలో వెళ్ళాను. ముందు వరుసలో ఇద్దరున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. తర్వాత, వాళ్ళు వెళ్ళిపోతే నేనూ వెళ్ళిపోతానేమోనని భయం వేసి వాళ్ళ ముందే చెప్పేశాను.

“మేడమ్, నేను కడిగిన. ముక్క తీసుడుకు ఒకరోజు ముందు కుంకుడుకాయలతోని కడిగిన. పక్కులన్ని నా చేతులతోనే తీసిన. మీరడిగితే లేదన్న.”

ఆమె కలం కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను.

“ఎందుకు కడిగిండ్రు అంకుల్?”

“మంచిగ కనపడాలెనని.”

“ఎవలకు?”

నేను బుట్ట మూత తీశాను. ఆమె బొంతను బుట్టలోంచి తీసి, చెవులు, గోళ్ళు చూసి, పొట్ట నొక్కి చూసింది.

“ఇంకేమేం చేసిండ్రు? అన్ని చెప్పుండ్రి. చిన్నదైనా సరే.”

వేపనూనె చెప్పాను. పసుపు చెప్పాను. రెండు రోజులు దాని నోట్లో వేశాననుకున్న మందు తర్వాత నేల మీద కనబడిందనీ, అయినా ఇంట్లో వేశాననే చెప్పాననీ చెప్పాను. ఒకటి చెప్పాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. ఆమె అన్నీ రాసుకుంది. ఫంగస్ మందు ఈ పూట నుంచే ఆపేయమంది. అది పడకనే తిండి మానేసి ఉంటుందట. సెలైన్ ఎక్కించి, రక్తం తీసింది. కొత్త పక్కు అంచు లేపి, కింద చీములో గాజుపలక అద్ది, రంగు వేసి సూక్ష్మదర్శినిలో పెట్టింది.

“రాండ్రి, చూడుండ్రి.”

ఒక కన్ను మూసి చూశాను. చిన్న చిన్న చుక్కల మధ్య పెద్ద గుండ్రటివి, విడివిడిగా, ఒక్కొక్కటీ ఒంటరిగా ఉన్నాయి.

“అవి చర్మం కణాలు. ఒకదాన్నొకటి పట్టుకొని ఉండాలె. పట్టు విడిచిపెట్టినయి. నేను మొదట అనుకున్నది ఇదే. ఆరోజు ఇది చూసి ఉంటే...” అని ఆపేసింది.

నేత విప్పేస్తే పోగులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అది బొంత ఒంటి మీద జరుగుతోంది. నేను దాని మీద దుమ్ము ఉందనుకున్నాను.

ఎల్లుండి శనివారం మళ్ళీ ముక్క తీస్తానంది. ఈసారి కడగకుంట అని చెప్పలేదు. నేనే అన్నాను. తలుపు దాకా వచ్చి, “ఇంట్ల చెప్పిండ్రా?” అని అడిగింది. లేదన్నాను.

“మీ అబ్బాయి రాసింది చూసిన అంకుల్. మా అమ్మకు కూడ ఎవలో చూపిచ్చిండ్రట. పొద్దుగాల ఫోన్ చేసి అడిగింది, నీకు పని రాదా బిడ్డా అని.”

ఆటోలో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. దుకాణం తెరవలేదు.

ఏప్రిల్ 4

దుకాణంలోనే చెప్పాను. రామలింగం ఉన్నాడు, పెళ్ళికి జంపఖానాలు చూడటానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. భానుచందర్ మొదట నవ్వాడు, తమాషా అనుకుని.

తర్వాత, “నన్ను గాడిదను చేసినవ్ బాపూ,” అన్నాడు. “ఆమె పరువు తీసిన గద నేను, నీ మాట నమ్మి.”

ఫోన్ తీసి, రాసిందంతా చెరిపేశాడు. బండి తీసుకుని హన్మకొండ వైపు వెళ్ళాడు. ఎక్కడికి అని నేను అడగలేదు. రెండు గంటలకు తిరిగొచ్చి, “మొండయ్యను రావద్దని చెప్పిన. రిపోర్టు వచ్చేదాకనే,” అన్నాడు.

రామలింగం మాత్రం ఈ కొత్త సంగతి బజారులో ఎవరికీ చెప్పినట్టు లేడు. మొదటిది అందరికీ చెప్పాడు. చివరికి నేనే వెళ్ళి నాలుగు దుకాణాల్లో చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 5

ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్ళాను. చెవుల మీద పక్కులు, గోళ్ళలో చీము, తోక దగ్గర అన్నం మెతుకు. మెతుకు కూడా తీయలేదు.

ఏప్రిల్ 9

కొంచెం చేప తింది.

ఏప్రిల్ 15

రిపోర్టు. పేరు పెంఫిగస్, డాక్టరమ్మ మొదట అనుమానించిందే. మూడుసార్లు పలికించుకుని రాసుకున్నాను. వెంట్రుకల పరీక్షలో ఫంగస్ ఏమీ పెరగలేదు. అంటుకునేది కాదు.

బొంత ఉంటుంది.

ఇంట్లో అందరి ముందూ కాగితం పెట్టాను. తేజస్వి తీసుకుని మొత్తం చదివింది. “అయితే పాపకు బడిలనే అంటింది కావచ్చు,” అని మాత్రం అంది.

కానీ నాకు తేలిక కాలేదు. రోజూ స్టెరాయిడ్ గోలి వేయాలట. ఆ పేరు వింటేనే భయం. ఎన్నాళ్ళు అంటే నెలల తరబడి, మెల్లగా తగ్గించుకుంటూ పోవాలంది. పూర్తిగా ఆపగలమా అంటే కొన్నిటికి ఆపగలం, కొన్నిటికి ఆపలేం అంది. ఇది ఏ రకం అంటే ఇప్పుడే చెప్పలేనంది. షుగర్ రావచ్చట, రాకపోవచ్చట. బాగుపడిందని మధ్యలో మన ఇష్టానికి ఆపితే మాత్రం మొదటికి వస్తుందట. రోగం పేరు తెలిశాక అంతా తెలుస్తుందనుకున్నాను. తెలిసింది పేరే.

ఏప్రిల్ 22

ఏడు రోజుల గోలీలు. చెవుల అంచులు వాటంతట అవే శుభ్రమవుతున్నాయి. గిన్నె నాకి నాకి ఇంకా పెట్టమని అరుస్తోంది. ఇవాళ నా ఒళ్ళోకి ఎక్కి పడుకుంటే గంటసేపు లేవలేదు నేను. గిరాకీ వస్తే రామలింగాన్ని పిలిచి సరుకు చూపించమన్నాను. నాకు ఈ పిల్లంటే ప్రాణం. ఎలుకలు పట్టినా పట్టకపోయినా.

డాక్టరమ్మకు చూపించాను. సంతోషపడింది. తర్వాత, “పాప చేయి ఎట్లున్నది?” అని అడిగింది. మచ్చ సగం మానగానే ట్యూబు ఆపేశారు, మళ్ళీ వచ్చింది అని చెప్పాను. ఆమె ముఖం మారింది.

“అది పూర్తిగ మానేదాక పాపను పిల్లి దగ్గరికి రానియ్యకుండ్రి అంకుల్. ఈ గోలీలతోని దాని బలం మనమే తగ్గిస్తానం. ఇప్పుడు పాపది దానికి అంటితే కష్టం.”

నెల రోజులు పిల్లి వల్ల పాపకు అన్నారు. ఇప్పుడు పాప వల్ల పిల్లికి. ఈ మాట తేజస్వికి ఎలా చెప్పాలి? మందు వాసన పాపకు పడదని డాక్టరమ్మ అన్నట్టు చెప్పవచ్చు. గోదాంలో పాము కనబడిందని చెప్పవచ్చు. ఇంటికి వచ్చేలోపు ఇలాంటివి నాలుగు తయారుచేశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

ఏప్రిల్ 23

ఉన్నదున్నట్టే చెప్పాను. తేజస్వి బియ్యం ఏరుతోంది. చేతులు ఆపింది.

“అంటే మా పాపతోని పిల్లికి భయమా మామయ్యా?”

“అవును బిడ్డా.”

“ఎన్ని రోజులు?”

“మచ్చ మొత్తం పోయేదాక. రెండు మూడు వారాలు కావచ్చు.”

చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. కన్నబిడ్డను పిల్లికి దూరంగా పెట్టమంటే ఏ తల్లి ఊరుకుంటుంది. పాము మాట చెప్పినా పోయేదేమో అని కూడా అనిపించింది, రాయడానికి సిగ్గుగా ఉంది.

కాసేపటికి అక్షర బట్టల సంచీతో బయటికి వచ్చింది. ఇవాళ్టితో బడి అయిపోయింది, రేపటి నుంచి ఎండాకాలం సెలవులు.

“తొర్రూరుకు మా అమ్మోళ్ళింటికి తోల్కపోత. సెలవులే గద. ఈసారి ట్యూబు మధ్యల ఆపకుంట రాస్త,” అంది. సంచీ జిప్పు వేస్తూ నా వైపు చూడకుండానే, “మీరు గోలి టైముకు వెయ్యిండ్రి మామయ్యా. మర్చిపోతే మర్చిపోయిన అని చెప్పుండ్రి,” అంది.

పొద్దున బొంత గోలిలో సగం ఉమ్మేసిందని అప్పుడే చెప్పాను.